తెగ పేరు రాయాల్సిన గడి

నేను చెప్పేదాంట్లో సగమే నమ్మాలని నన్నెరిగినవాళ్లు కొత్తవాళ్లకి ముందే చెప్పేస్తారు. సగం కూడా ఎక్కువే. ఈ అరబ్బు దేశంలో, మఫ్రఖ్ అనే చోట ఒక టైపింగ్ సెంటర్‌లో చాయ్ పెట్టి, గచ్చు తుడిచే పని నాది. వీసా కాగితాలు టైపు చేయించుకోవడానికి వచ్చే కరీంనగర్, నిజామాబాద్ కుర్రాళ్లు టోకెను పట్టుకుని గంటలకొద్దీ కూర్చుంటారు. వాళ్లకి పొద్దుపోవాలి, నాకు నోరు ఊరుకోదు. మా అమ్మమ్మ ఊళ్లో వరదొస్తే పులస చేపలు కొబ్బరిచెట్లెక్కేవనీ, దింపు తీసేవాడు గెలకి నాలుగు చేపల చొప్పున దించేవాడనీ చెబుతాను. "గట్లనా అక్కా? ఇంకోటి చెప్పరాదు," అంటారు. ఇంకోటి చెబుతాను.

మొన్న ఒక కుర్రాడు వచ్చాడు. ఇక్కడి మగవాళ్లు వేసుకునే కాళ్లదాకా దిగే తెల్లటి కందూరా, ఈ నేల యాస, చేతిలో కారు తాళాలు. ఎవరు చూసినా ఇక్కడివాడే అనుకుంటారు. టైపు చేసే మలయాళీ తమ్ముడు దేశం పేరు దగ్గర ఆగి అతని పాస్‌పోర్టు అడిగి తీసుకున్నాడు. ఆఫ్రికా పక్కన నీళ్లలో ఎక్కడో ఉన్న చిన్న దీవుల దేశం పేరు ఉంది దానిమీద.

"ఎప్పుడైనా వెళ్లావా అక్కడికి?" అని హిందీలో అడిగాడు మలయాళీ తమ్ముడు.

"లేదు. మా నాన్న ఇక్కడే పుట్టాడు, నేనూ ఇక్కడే పుట్టాను. ఇక్కడి కాగితం లేదు కాబట్టి, ఏదో ఒక దేశం ఉండాలని అది కొనిచ్చారు," అన్నాడు కుర్రాడు. తాళాలు వేలికి తిప్పుతూ, "అక్కడ సముద్రం బాగుంటుందట," అన్నాడు.

పక్క కుర్చీలో ఉన్న నిజామాబాద్ కుర్రాడు నవ్వాపుకుంటూ నా వైపు తిరిగాడు. "అక్కా, గీయన నీకన్న పెద్దది కొడుతుండు. సూడని దేశానికి పాస్‌పోర్టు ఉంటదా ఏడనన్న?"

ఉంటుందని నాకు తెలుసు. చాయ్‌లో పంచదార వేశానో లేదో కూడా చూసుకోలేదు. నా చిన్నప్పుడు ఒక ఇంటికి కాగితం రాబోయి రాకుండా పోయింది. అందులో నా నోటికి వాటా ఉంది. ఇప్పుడు చెప్పేది ఆ సంగతి. ఇందులో పులసలు చెట్లెక్కవు.

నాకు పది, పదకొండేళ్లప్పుడు మేము ఈ దేశంలోనే ఖోర్ ఫక్కాన్‌లో ఉండేవాళ్లం. వెనక రాతి కొండలు, ముందు సముద్రం, మధ్యలో పిడికెడు ఊరు. నాన్న ఓడరేవులో కంటైనర్లకి గొలుసులు బిగించేవాడు. అమ్మ ఒక అరబ్బు ఇంట్లో వంట చేసి వాళ్ల పిల్లల్ని చూసేది. ఇంగ్లీషువాళ్లు ఓడలెక్కి వెళ్లిపోయి, ఏడుగురు పాలకుల నేలలు కలిసి ఒక దేశమై అప్పటికి ఎన్నో ఏళ్లు కాలేదు. లెక్క చూస్తే ఆ దేశం నాకంటే చిన్నది. నేను దానికి అక్క వరస అవుతానని సందులో పిల్లలకి చెప్పేదాన్ని. వాళ్లు నమ్మి, ఆటల్లో నాకు మొదటి వంతు ఇచ్చేవాళ్లు.

చలికాలం మొదలవుతూనే ఇసుక మీద సన్నటి చేపలు పరిచి ఎండబెట్టేవాళ్లు. ఒంటెల మేతకీ, ఖర్జూరం తోటల ఎరువుకీ బస్తాల్లో కట్టి పంపేవాళ్లు. ఊరంతా ఆ కంపే. మా అమ్మకి మాత్రం అవి మెత్తళ్లు. "బంగారం లాంటి మెత్తళ్లు ఒంటెలకి పోత్తారా, పాపం తగలదూ," అని కొంగు నిండా పోసుకొచ్చి, కరాచీ పడవల్లో వచ్చే చింతపండుతో పులుసు పెట్టేది. ఆ వాసనకి పక్కింటి ముసలాయన గోడ మీంచి గిన్నె అందించేవాడు. గిన్నె తిరిగి వెళ్లేటప్పుడు పులుసుతో వెళ్లేది. మర్నాడు మళ్లీ వచ్చేటప్పుడు అందులో ఎండు నిమ్మకాయలు వేసి వండిన చేప అన్నం ఉండేది. ఆ గోడకి ఇటూ అటూ ఉత్త గిన్నె తిరగడం నేను చూడలేదు.

ఆయన్ని నేను రేడియో తాత అనేదాన్ని. పడవ చెక్కల సందుల్లో పత్తి కూరి, సొర నూనె పట్టించడం ఆయన పని. గోళ్లల్లో ఆ నూనె కంపు ఎన్ని సబ్బులు అరిగినా పోయేది కాదు. ఇంట్లో పెద్ద రేడియో ఒకటి, దానికి ఆయన భార్య కుట్టిన పూల గుడ్డ తొడుగు. ఆవిడని ఖాలా అనేదాన్ని, అంటే పిన్ని అని.

"ఒకప్పుడు ఈ పెట్టెలోంచి ఈజిప్టు గొంతులు వచ్చేవి, బింతీ," అనేవాడు తాత. బింతీ అంటే అమ్మడూ అన్నట్టు. "అరబ్బులంతా ఒకే ఇల్లు, ఈ సముద్రం నుంచి ఆ సముద్రం దాకా మధ్యలో గోడల్లేవు అనేవి. బోర్లించిన పడవ కింద పడుకుని, ఇంగ్లీషువాడికి వినపడకుండా వినేవాళ్లం."

వయసులో ఉండగా కువైట్‌కి పనికి వెళ్లి, అక్కడ చదవడం రాయడం నేర్చుకుని, చొక్కా లోపల పత్రికలు దాచుకుని తిరిగొచ్చాడట. వాటిని చేపల బజారులో పైకి చదివినందుకు, ఇంగ్లీషు అధికారి మాట మీద కోటలో పదిహేను రోజులు పెట్టారట. చీలమండల దగ్గర ఇనుప కడియాల మచ్చలుండేవి. అవి చూపించమని నేను రోజూ వెంటపడేదాన్ని. ఆయన ఒక నిజం చెబితే నేనొక అబద్ధం చెప్పాలి, అది మా బేరం. ఇంగ్లీషువాళ్ల చివరి ఓడ వెళ్లిపోయిందని విన్న రోజు ఖాలా చేత గోధుమలూ మాంసమూ కలిపి కుండెడు హరీస్ వండించి సందంతా పంచాడట. అది నిజం. దానికి బదులుగా మా మేనమామ గోదారిని ఒక కడవలో పట్టి ఎండాకాలం అటక మీద దాచేవాడని నేను చెప్పాను. ఆయన చాలాసేపు ఆలోచించి, "మూత ఉండేదా?" అని అడిగాడు.

ఇంగ్లీషువాళ్లు వెళ్లాక కొత్త దేశం తన మనుషుల్ని రాసుకోవడం మొదలుపెట్టింది. కచేరీలో గుమాస్తా కూర్చుని ఒక్కొక్కరినీ అడిగి గడులు నింపేవాడు. పేరు, తండ్రి, తాత, తెగ. తెగ దగ్గర తాత "అరబ్" అన్నాడు. ఆ తర్వాత ఏం జరిగిందో ఖాలా కనీసం యాభైసార్లు చెప్పి ఉంటుంది.

"గుమాస్తా నవ్వి, అది అందరమూ కదా, తెగ చెప్పు అన్నాడట. ఈయనేమో, ఇంగ్లీషువాడూ నన్ను ఇదే అడిగాడు, వాడికే చెప్పలేదు, నీకెందుకు చెబుతాను అని చెప్పులేసుకుని వచ్చేశాడు. వచ్చి గొప్పగా నాకు చెప్పాడు. నేను రొట్టె కాలుస్తున్నాను. ఆ పెనంతోనే ఒకటి వేసి ఉండాల్సింది."

"అప్పుడు పెనం వేడిగా ఉంది," అనేవాడు తాత.

"అందుకే వెయ్యాల్సింది."

నిజానికి ఆయన దగ్గర చెప్పడానికి తెగ లేదు. తండ్రి ఆవలి ఒడ్డు నుంచి పడవ మీద వచ్చి, ఇక్కడే పెళ్లి చేసుకుని, ఇక్కడే మునిగిపోయిన మనిషి. అరబ్ అన్న మాటలో పౌరుషం ఎంతో, గతిలేనితనం ఎంతో నాకు ఇప్పటికీ తెలియదు. గడి ఖాళీగా ఉండిపోయింది. పుస్తకం రాలేదు. ఇంటిల్లిపాది పేర్లూ రాసి ఇచ్చే కుటుంబ పుస్తకాన్ని అందరూ ఉత్త పుస్తకం అనేవాళ్లు. అది ఉన్నవాళ్లు ఈ దేశం వాళ్లు. లేనివాళ్లు ఎవరో ఎవరికీ చెప్పడం వచ్చేది కాదు.

తాతకీ ఖాలాకీ ఒక్కతే కూతురు. పద్దెనిమిదేళ్లుంటాయి. సాయంత్రాలు సందులో ఆడపిల్లల్ని పోగేసి పెరట్లో పలకల మీద అక్షరాలు దిద్దించేది. బడిలో పంతులమ్మని అబ్లా అంటారు. ఈమె ఇంకా పంతులమ్మ కాకుండానే మాకు అబ్లా అయిపోయింది. నాకు అరబీ మొదటి అక్షరం అలిఫ్ నేర్పింది ఆమే. అలిఫ్ అంటే నిటారు గీత, అంతే. అది కూడా నాకు వంకరగా వచ్చేది.

"నీ మాటలాగే ఉంది నీ అలిఫ్. తిన్నగా మొదలెట్టి ఎటో పోతుంది," అనేది.

ఆ యేడు అబ్లాకి పంతులమ్మల ట్రైనింగులో సీటు వచ్చింది. చలికాలం అయ్యేలోపు పుస్తకం నకలు తెచ్చివ్వాలి, లేకపోతే సీటు ఇంకొకరికి వెళ్తుందన్నారు. అదే సమయానికి, రాసుకోగా మిగిలిపోయినవాళ్ల కోసం ఒక కమిటీ ఊరికి వస్తోందని తెలిసింది. మా మనిషేనని ఎవరైనా తెగ పెద్ద సాక్ష్యం చెబితే రాసుకుంటారట. ఇదే ఆఖరుసారి అన్నారు.

తాతతో పాటు కోటలో కాళ్లకి ఇనుము వేయించుకున్నవాడు ఇంకొకాయన ఉండేవాడు. ఆయన పుట్టింది పెద్ద కొండ తెగలో. ఇప్పుడు ఊళ్లో ఆ తెగకి ఆయనే పెద్ద, చేతిలో వెండి పిడి కర్ర. ఒక మధ్యాహ్నం ఆయన వచ్చి తాత ఎదురుగా చాప మీద కూర్చున్నాడు. ఖాలా పిండి ఉండలు వేయించి ఖర్జూరపు పాకంలో వేస్తోంది. నేను సాయం చేస్తున్నానన్న పేరుతో తింటున్నాను.

"నువ్వు నా బాబాయి మనవడివని కమిటీకి చెబుతాను. నువ్వు ఔననాలి," అన్నాడు పెద్దాయన. "నీ పెళ్లాం కూడా మా రక్తమే, నీ పినతండ్రి కూతురే అందాం. మాలో అలాగే చేసుకుంటాం కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. ఇద్దరిదీ ఒకే వేరంటే ఇక తవ్వడానికేం ఉంటుంది?"

"అబద్ధం చెప్పమంటావు."

"కోటలో ఉన్నప్పుడు ఇద్దరం అరబ్బులమే. బయటికొచ్చాక నాకు తాతముత్తాతలు గుర్తొచ్చారు, నీకు రాలేదు. నావాళ్లలో ఓ ఏడుగుర్ని నీకు అరువిస్తున్నాను, తీసుకో."

"ఆ గడి ఇంగ్లీషువాడు గీసింది. మనల్ని విడివిడిగా లెక్కపెట్టుకోవడానికి గీశాడు."

"గీసినవాడు పోయాడు, గడి ఉంది. దానికి అవతల నీ కూతురు నిలబడి ఉంది. నువ్వింకా గీత ఎవడిదని అడుగుతున్నావు."

అబ్లా కాఫీ పోస్తోంది. చాలు అని చెప్పడానికి పెద్దాయన అలవాటు ప్రకారం చిన్న కప్పుని అటూ ఇటూ ఊపాడు. ఆమె అది చూడలేదు. మళ్లీ పోసింది. తాత కప్పు వంక చూసి, "నాకు అబద్ధం చెప్పడం రాదు," అన్నాడు. ఒప్పుకున్నాడని అందరికీ అర్థమైంది.

ఖాలా జల్లిగరిటెతో నన్ను చూపించింది. "దీన్నడుగు. దానికి వేరే చదువేమీ రాదు."

అలా నేను గురువునయ్యాను. రోజూ బడి నుంచి రాగానే బోర్లించిన పడవ నీడలో తాతకి పాఠం. మొదటి సూత్రం, ఎదుటివాళ్ల కళ్లలోకి చూడకూడదు, నేలకేసీ చూడకూడదు, చెవి వంక చూడాలి. రెండోది, కాఫీ కప్పు ఖాళీ అయ్యేంతసేపైనా చెప్పేదాన్ని నువ్వే నమ్మాలి. మూడోది నా సొంతం. అవసరం లేని ముక్క ఒకటి కలపాలి. మనిషి దాన్ని పట్టుకుని మిగతాదంతా నమ్మేస్తాడు. తాతకి మొదటి రెండూ వచ్చాయి. మూడోది రాలేదు. "లేనిది ఎక్కడినుంచి తేను?" అనేవాడు. ఏడుగురు పూర్వీకుల పేర్లు మాత్రం పడవకి పత్తి కూరుతూ, ఒక్కో దెబ్బకి ఒక్కో పేరు చొప్పున కంఠతా పట్టాడు.

"ముసలాయనకి ఏం నేర్పుతున్నావే?" అంది అమ్మ.

"అబద్ధం చెప్పడం."

"అయితే గురువు బాగానే దొరికింది."

నాన్నకి నచ్చలేదు. "ఆళ్ల కాగితాల గొడవ మనకెందుకు? వీసా ఇచ్చిన కఫీలుకి తెలిస్తే మన మీదకొస్తది."

"మనకైతే ఎల్లిపోడానికి ఊరుంది," అంది అమ్మ మెత్తళ్ల తలలు తుంచుతూ. "ఆళ్లకి ఎల్లడానికీ లేదు, ఉండడానికీ లేదు. చెప్పుకోనియ్యి."

కమిటీ వచ్చిన రోజు సందులో ఎండు చేపల మీద గోనెపట్టాలు కప్పారు. రాజధాని నుంచి వచ్చిన అధికారి ఒకరు, లావుపాటి పుస్తకం పట్టుకున్న గుమాస్తా ఒకరు, సాక్ష్యానికి పెద్దాయన. గుమాస్తా ఈజిప్టువాడు. అతను నోరు విప్పి సలాం చెప్పగానే తాత ముఖం మారిపోయింది. కిటికీ బయట నిలబడి నేను చూస్తున్నాను. ఇన్నేళ్లూ పెట్టెలోంచి విన్న యాస, మనిషై వచ్చి ఆయన చాప మీద కూర్చుంది.

"మీ గొంతులే మేము పడవ కింద పడుకుని విన్నాం. అరబ్బులంతా ఒకే ఇల్లని," అన్నాడు తాత.

పెద్దాయన కర్ర పిడిని గట్టిగా పట్టుకున్నాడు. అంతా ఇక్కడే పోయిందనుకున్నాను. గుమాస్తా అలసిపోయి ఉన్నాడు, కానీ మంచివాడే.

"నేనూ విన్నాను, అన్నా. మా ఊళ్లో కాఫీ కొట్టు ముందు నిలబడి విన్నాను," అన్నాడు. "మనమంతా అరబ్బులమే. ఈ గడిలో అంత మాట పట్టదు, అంతే. తెగ చెప్పండి."

తాత అతని చెవి వంక చూశాడు. కొండ తెగ పేరు చెప్పాడు. ఏడుగురి పేర్లూ ఒక్కొక్కటే, తడబడకుండా చెప్పాడు. పెద్దాయన ఔనన్నాడు. ముఖానికి ముసుగు కట్టుకున్న ఖాలా తలుపు పక్కన నిలబడి, తను ఆయన పినతండ్రి కూతురినేనని, ఆ పినతండ్రి పేరూ చెప్పింది. గుమాస్తా కలం కదిలింది. నా శిష్యుడు గెలిచాడని నాకు గాల్లో తేలినట్టుంది.

అధికారి చేతులు కడుక్కోవడానికి బయట కుళాయి దగ్గరికి వచ్చాడు. నన్ను చూశాడు. బయటి దేశం పిల్లకి ఎవరి పక్షమూ ఉండదనుకున్నాడో, ఊరికే పలకరించాడో తెలియదు.

"నువ్వు హిందీ దేశం పిల్లవి కదా? అరబీ బాగానే వచ్చు. ఈ ఇంటివాళ్లు ఏ తెగ, తెలుసా?"

చెప్పాను.

"ఇద్దరూనా?"

ఔను అంటే చాలు. కానీ చాలు అన్న చోట నా నోరు ఎప్పుడాగింది గనక. ఖాలా ఎప్పుడో చిన్నప్పటి కబుర్లు చెబుతూ తన తండ్రి వేరే ఊరి చేపల మనిషని అంది. అది ఈయనకి ఇంకెవరైనా చెబితే కథ చెడుతుందేమో అనిపించింది. ముందే నేనే సర్దేద్దామనుకున్నాను.

"ఖాలా పుట్టింది వేరేవాళ్లకి. పెళ్లయ్యాక ఈ తెగ అయిపోయింది," అన్నాను. అక్కడితో ఊరుకోకుండా నా మూడో సూత్రం కూడా వాడాను. "ఏడు ఒంటెల మీద ఊరేగించి మరీ మార్చారు."

మా అమ్మకి పెళ్లిలో ఇంటిపేరు మారింది. మా పిన్నులకీ, మేనత్తలకీ మారింది. పెళ్లయితే ఆడమనిషి ఇంటిపేరు మారడం వానొస్తే తడవడం లాంటిదనుకున్నాను, అందరికీ అంతేననుకున్నాను. అరబ్బు ఆడది చచ్చేదాకా తండ్రి పేరుతోనే ఉంటుందనీ, ఏ పెళ్లీ దాన్ని మార్చలేదనీ ఆ సందులో అయిదేళ్లు బతికినా నాకు తెలియదు. చెప్పాల్సినంత వింత విషయమని వాళ్లెవరికీ తోచలేదు, అడగాల్సిందని నాకు తోచలేదు.

అధికారి చేతులు దులుపుకోవడం ఆపాడు. "మారిందా?" అని నవ్వాడు. జేబులోంచి ఒక నారింజ పండు తీసి నాకిచ్చి లోపలికి వెళ్లాడు.

కిటికీలోంచి అంతా వినపడింది. ఆయన గొంతు పెంచలేదు. ఖాలా వైపు తిరిగి, "అమ్మా, మీ నాన్నగారి పేరు ఇంకోసారి చెప్పండి. ఆయన్ని ఎరిగినవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అన్నాడు. అరువు తెచ్చిన పేరు ఆవిడకి నోటికి వచ్చు. ఇందాకే చెప్పింది కూడా. ఈసారి వేరే చెప్పింది. తన సొంత తండ్రి పేరు, తాత పేరు, వాళ్ల ఊరు. "ఒకసారైతే కాదనగలిగాను. రెండోసారి కూడా పోయిన మనిషిని కాదనమంటే నోరు రాలేదు," అని తర్వాత మా అమ్మ దగ్గర ఏడ్చిందట.

పెద్దాయన ఎవరి ముఖమూ చూడకుండా లేచాడు. గుమాస్తా స్కేలు పెట్టి ఆ పేజీ మీద అడ్డంగా ఒక గీత గీశాడు. "ఖలాస్," అన్నాడు అధికారి, విసుగేమీ లేకుండా. వాళ్లు పక్క సందులోకి వెళ్లారు. నేను పడవ వెనక కూర్చుని నారింజ మొత్తం తిన్నాను. పుల్లగా ఉంది. తొక్కలు ఇసుకలో పూడ్చాను.

మూడు రోజులు ఆ ఇంటివైపు వెళ్లలేదు. గోడ మీదికి గిన్నె రాలేదు. నాలుగో రోజు తాతే పిలిచాడు. నా సంగతి తెలిసిపోయిందనుకుని, ఏడవడానికి సిద్ధమై వెళ్లాను. పడవ పక్కన చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"నీ పాఠం మంచిదే, బింతీ," అన్నాడు. "శిష్యుడే మొద్దు. నేనెక్కడో తడబడ్డాను, ఆయనకి అనుమానం వచ్చింది. అందుకే ఆవిణ్ణి మళ్లీ అడిగాడు. నీ శ్రమంతా వృథా చేశాను. ఏమీ అనుకోకు."

ఆ క్షణంలో చెప్పి ఉండాల్సింది. నేను ఆయన చెవి వంక చూసి, "పర్లేదు తాతా," అన్నాను. ఆయన క్షమాపణ తీసుకున్నాను. నా జీవితంలో ఎన్ని అబద్ధాలు చెప్పానో లెక్కలేదు, ఇంత చిన్నది మాత్రం ఇంకోటి లేదు.

సీటు ఇంకొకరికి వెళ్లింది. అబ్లా సర్టిఫికెట్లు పెట్టెలో పెట్టింది. కొన్ని నెలలకి మా అమ్మ పనిచేసే ఇంట్లోనే పిల్లల్ని చూసుకునే పనికి కుదిరింది. ఆ ఇంటి పెద్దపిల్ల అబ్లాతో ఒకే బెంచీ మీద చదువుకుంది, ఆ యేడు ట్రైనింగుకి వెళ్లింది. ఆ పిల్ల బట్టల పైన వేసుకునే నల్ల అబాయాలు అబ్లా ఇస్త్రీ చేసేది. "మాట పడనియ్యదు, మాటాడనూ మాటాడదు," అనేది అమ్మ. "చేతిలో పని చేతిలోనే ఉంటాది, కళ్లు మాత్తరం ఎక్కడో ఉంటాయి." పెరట్లో పలకలు కొన్నాళ్లు గోడకి ఆనించి ఉన్నాయి. తర్వాత వాటిమీద చేపలు కోసుకున్నారు. పెద్దాయన ఆ సందులోంచి నడవడం మానేసి, చుట్టూ తిరిగి మసీదుకి వెళ్లేవాడు.

మరుసటి యేడు నాన్న పని అయిపోయింది. మేము గోదారి జిల్లాకి వెళ్లిపోయే ముందురోజు అబ్లా నన్ను పిలిచి గడప మీద కూర్చోబెట్టి తల దువ్వింది. నూనెలో ఏదో పువ్వు వాసన. జడ సగం అల్లాక, మామూలుగా అడిగినట్టు అడిగింది.

"మీ ఊళ్లో నిజంగానే పెళ్లయితే ఆడవాళ్ల తెగ మారిపోతుందా?"

నేను తల తిప్పబోతే జడ పట్టుకుని ఆపింది.

"ఆ రోజు కిటికీకి లోపలివైపు నేనున్నాను, కుళాయి దగ్గర నువ్వన్నది విన్నాను," అంది.

"తాతకి చెప్పావా?"

"చెప్పి ఏం చేస్తాను? ఆయనకి నువ్వంటే ఇష్టం. ఉన్నదాంట్లో అది కూడా పోగొట్టమంటావా?" దువ్వెనతో పాయ విడదీసింది. "అడిగినదానికి చెప్పు. మారిపోతుందా?"

"మారిపోతుంది."

"మరి మీ అమ్మ తన తండ్రి పేరు ఎక్కడ పెట్టింది?"

తెలియదని చెప్పాను. అల్లిన జడ ఒకవైపు వదులైందని విప్పి, మళ్లీ మొదటినుంచి అల్లింది.

పెద్దయ్యాక నేనూ మా అమ్మలాగే పనికోసం ఈ దేశం వచ్చాను. వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. ఈ కథ చాలా వంటిళ్లలో, చాలా క్యూలలో చెప్పాను. ఒకదాంట్లో పాలకుడే గుర్రం మీద వచ్చి తాతకి పుస్తకం ఇస్తాడు. ఇంకోదాంట్లో అధికారి అబ్లాని చూసి తల వంచి గీత చెరిపేస్తాడు. ఒక దాంట్లో నేను నోరు మూసుకుంటాను, అది ఎవరికీ నచ్చదు, అందులో ఏమీ జరగదంటారు. జరిగింది జరిగినట్టు రాయడం ఇదే మొదలు.

కొండలు తొలిచి రోడ్లు వేశారు. సెలవు శుక్రవారం నుంచి ఆదివారానికి మారింది. మఫ్రఖ్‌లో పొద్దున్నే బయల్దేరి రెండు బస్సులు మారితే మధ్యాహ్నానికి ఖోర్ ఫక్కాన్‌లో ఉండొచ్చు. తాతా ఖాలా ఉండరు, ఆ వయసు ఎప్పుడో దాటిపోయింది. అబ్లా ఉంటే అరవై దాటి ఉంటుంది. ఒక ఆదివారం చీర మార్చుకుని, సంచి సర్దుకుని, బస్టాండు దాకా వెళ్లాను కూడా. తలుపు ఆమె తియ్యకపోతే, తీసినవాళ్లు ఎవరు మీరు అని అడిగితే ఏం చెప్పాలా అని ఆలోచిస్తూ నిలబడ్డాను. అన్నేళ్ల అబద్ధాల్లో ఆ గుమ్మం ముందు చెప్పడానికి ఒక్కటీ తోచలేదు. బస్సు వచ్చింది. ఎక్కేవాళ్లకి దారివ్వమని డ్రైవరు అంటే, పక్కకి తప్పుకున్నాను.